పత్తిలో గులాబీ రంగు పురుగు: గుడ్డి పూలు మొదలైనయ్, బుట్టల పడే పురుగుల లెక్క 8 దాటింది. మందు ఇప్పుడే కొట్టాలా, ఆగాలా?

ఆసిఫాబాద్_పత్తి
నల్లరేగడి, వర్షాధారం, బీజీ-2 బీటీ హైబ్రిడ్, జూన్ మూడో వారంల పెట్టింది. ఇప్పుడు 70 రోజుల పంట. నాలుగెకరాలకు ఎకరానికి రెండు చొప్పున లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసన ఎరతోని మగ రెక్కల పురుగులను పట్టేటియి) కట్టి ఉన్నయ్. వరుసగా మూడు రాత్రులు సగటున బుట్టకు 9, 11, 8 రెక్కల పురుగులు పడ్డయ్. పొద్దున 100 పూలు చూస్తే 6 గుడ్డి పూలు. దుకాణంల అడిగితే మూడు మందులు కలిపి కొట్టుమన్నరు, అందుల ఒకటి సింథటిక్ పైరిత్రాయిడ్. బుట్ట లెక్క చూస్తే కొట్టాలె, పూల లెక్క చూస్తే ఇంక 10 శాతం రాలే. ఏ లెక్క పట్టుకోవాలె?

గుంటూరు_కాటన్
పూలు ఎప్పుడు చూశారు? ఉదయం పది లోపు చూడాలి. మంచి పువ్వు మొదటి రోజు లేత పసుపులో రేకులు విచ్చుకుని ఉంటుంది. మర్నాటికి ఎర్రబడి ముడుచుకుపోతుంది. ఆ ఎర్ర పువ్వును గుడ్డి పువ్వుగా లెక్కపెట్టేవాళ్లు చాలామంది. అసలు గుడ్డి పువ్వు పసుపు రంగులోనే ఉండి, రేకుల కొసలు దారంతో కుట్టినట్టు అతుక్కుని ఉంటాయి. గట్టిగా విప్పితే సన్నటి సాలెగూడు తెగినట్టు తెగుతుంది, లోపల పుప్పొడి తింటూ పురుగు దొరుకుతుంది.

ఆసిఫాబాద్_పత్తి
పొద్దున ఎనిమిదికి చూసినయ్. ఎర్ర పూలు లెక్కల లేవు. ఆరు విప్పితే అయిదింట్ల పురుగుంది.

స్ప్రే_గురు
ఇంకేం ఆలోచన? మూడు రాత్రులూ 8కి తగ్గలేదు కదా. కొట్టెయ్. కాయ లోపలికి పోయినంక ఏ మందూ దాన్ని ముట్టదు.

విస్తరణ_వరంగల్
కొంచెం ఆగండి. బుట్ట లెక్క, పూల లెక్క రెండూ ఒకటే దాన్ని కొలవవు. బుట్టలో పడేది ఇవాళ చేలో తిరుగుతున్న మగ రెక్కల పురుగు. దాంతో జతకట్టిన ఆడపురుగు పెట్టే గుడ్లు 4-5 రోజులకు పగులుతాయి. అంటే బుట్ట మీకు వచ్చే వారం సంగతి చెప్తోంది. గుడ్డి పువ్వులో ఉన్న పురుగు పోయిన వారం, పది రోజుల కింద పెట్టిన గుడ్డుది. అందుకే బుట్ట ముందు దాటింది, పూలు ఇంకా దాటలేదు. రెండూ నిజమే చెప్తున్నాయి.

సిఫారసు ఏంటంటే: బుట్టకు రాత్రికి 8 చొప్పున వరుసగా మూడు రాత్రులు, లేదా 10 శాతం గుడ్డి పూలు, లేదా 10 శాతం పచ్చికాయల్లో పురుగు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి చేరినా ఆర్థిక నష్ట పరిమితి, అంటే మందు కొట్టాల్సిన గీత, దాటినట్టే. మీకు బుట్టది దాటింది. అయినా మందు పట్టుకునే ముందు కాయలు కోసి చూడండి. ఎకరానికి 20 పచ్చికాయలు, చేను నాలుగు మూలలా, మధ్యలో తిరుగుతూ, ఒక్కో చెట్టుకు ఒకటే. మరీ లేత పిందె కాదు, ముదిరిన కాయ కాదు, రెండు వారాల వయసుది, వేలితో నొక్కితే కాస్త గట్టిగా తగిలేది. 20లో రెండింట్లో పురుగు ఉంటే 10 శాతం.

గుంటూరు_కాటన్
కోసేటప్పుడు పురుగు కోసమే వెతక్కండి. కాయ గోడ లోపలి వైపు చూడండి. చిన్న పురుగు లోపలికి తొలుచుకెళ్లిన చోట తెల్లటి బుడిపెలా కణజాలం పొంగి ఉంటుంది. పైన రంధ్రం మూసుకుపోతుంది కాబట్టి బయట నుంచి కాయ నున్నగా, బంగారంలా కనిపిస్తుంది. ఆ బుడిపె ఉంటే పురుగు లోపల ఉన్నట్టే. మొదట్లో పురుగు గులాబీ రంగులో ఉండదు కూడా. తెల్లగా, తల నల్లగా ఉంటుంది, మూడు నాలుగు దశలకొచ్చాకే గులాబీ చారలు వస్తాయి. తెల్ల పురుగు కనిపిస్తే ఇది గులాబీ కాదులే అని వదిలేస్తున్నారు.

స్ప్రే_గురు
ఇవన్నీ చూసే లోపల గుడ్లు పగిలి లోపలికి పోతయ్. రిస్క్ రైతుది, మనది కాదు.

విస్తరణ_వరంగల్
@స్ప్రే_గురు కాయలు కొయ్యడానికి పట్టేది ఒక పొద్దు. మీరు చెప్పిన తొందర సరైందే, కానీ అది ఎటు పోవాలో చూడాలి. పురుగు గుడ్డులోంచి వచ్చి కాయలోకి దూరే మధ్యలో కొన్ని గంటలే బయట ఉంటుంది. మందు తగిలేది ఆ కిటికీలోనే, లేదా గుడ్డు మీద. బుట్టలో ఉధృతి కనిపించిన రెండు మూడు రోజుల్లో కొడితే ఆ కిటికీ దొరుకుతుంది. గుడ్డి పూలు 20 శాతం అయ్యాక కొడితే డబ్బే ఖర్చవుతుంది.

కర్నూలు_నల్లనేల
ఆ ఆరు గుడ్డి పూలు ఏం చేశావప్పా? గట్టు మీద పారేస్తే మళ్లీ చేలోకే వస్తాయి. సంచిలో వేసుకొచ్చి కాల్చు, లేదంటే సబ్బు నీళ్ల బకెట్లో ముంచు. 60 నుంచి 80 రోజుల మధ్య వారానికి రెండు సార్లు గుడ్డి పూలు ఏరితే మొదటి తరం చాలావరకు అక్కడే తెగిపోతాది. నాలుగెకరాలే కదా, ఇద్దరు కూలీలు ఒక పొద్దు.

ఆసిఫాబాద్_పత్తి
నాలుగెకరాల నుంచి 80 కాయలు కోసినం. అయిదింట్ల పురుగు, ఇంక రెండింట్ల ఒట్టి బుడిపె. అంటే 9 శాతం దగ్గర. రోడ్డు వైపు మూలల ఎక్కువ. ఆ మూల బుట్టలనే ఎక్కువ పడ్తున్నయ్.

పురుగుశాస్త్రం_నోట్స్
రోడ్డు వైపు ఏముంది? జిన్నింగ్ మిల్లు, పత్తి గింజల గోదాం, లేకపోతే ఎవరైనా పోయినేడు పత్తికట్టె కుప్ప పెట్టారా?

ఆసిఫాబాద్_పత్తి
పక్క చేను వాళ్లు వంటచెరకు కోసం పత్తికట్టె కుప్ప పెట్టిన్రు. రెండు ట్రాక్టర్ల మందం ఉంటది.

పురుగుశాస్త్రం_నోట్స్
సమస్య అక్కడ మొదలైంది. ఇది రాస్తే కాస్త పొడుగవుతుంది, కానీ ఇక్కడ అందరికీ పనికొస్తుంది.

ఈ పురుగు వేసవి దాటేది నిద్రావస్థలో. పగటి పొద్దు తగ్గి, చలి పడి, కాయలో గింజ ముదిరి నూనె పట్టే వేళకు పెరిగిన పురుగు కోశస్థ దశకు పోకుండా ఆగిపోతుంది. రెండు గింజలను దారంతో అతికించుకుని మధ్యలో ముడుచుకుని పడుకుంటుంది. విచ్చుకోని ఎండు కాయలో, మిల్లులో గింజల కుప్పలో, చేలో నేల పగుళ్లలో అట్లా నెలల తరబడి ఉండగలదు. మే, జూన్‌లో తేమ తగిలితే రెక్కల పురుగై బయటికొస్తుంది. అప్పటికి చేలో గూడ (పూమొగ్గ) లేకపోతే గుడ్లు పెట్టే చోటు దొరక్క ఒకటి రెండు వారాల్లో చచ్చిపోతుంది. మే నెలలో నీళ్లు పెట్టి ముందుగా వేసిన పత్తి ఉంటే దానికి పండగే. ఊళ్లో ఒక్కరు ముందు వేస్తే మిగతా ఊరంతటికీ విత్తనం పురుగు అక్కడే తయారవుతుంది.

పత్తికట్టె కుప్పలో ప్రతి చెట్టుకూ నాలుగైదు విచ్చుకోని కాయలు అంటుకుని ఉంటాయి. రెండు ట్రాక్టర్ల కట్టెలో ఎన్ని ఉంటాయో మీరే లెక్కేసుకోండి. వచ్చే ఏడు ఆ కుప్ప పెట్టేటట్టయితే కాయలు దులిపి కాల్చాక పెట్టమనండి.

లాం_దారి
ఇంకో ప్రశ్న ఇక్కడే. బీటీ పత్తి అంటే కాయ పురుగు రాదనే కదా కొంటున్నాం. బీజీ-2లో రెండు జీన్లు ఉన్నా ఎందుకు పనిచేయట్లేదు? విత్తనమే కల్తీనా?

పురుగుశాస్త్రం_నోట్స్
కల్తీ విత్తనం వేరే సమస్య, అదీ ఉంది. కానీ అసలు ప్యాకెట్ వేసినా గులాబీ పురుగు వస్తుంది. శనగపచ్చ పురుగు, మచ్చల పురుగు మీద బీటీ ఇప్పటికీ బాగా పనిచేస్తోంది, గులాబీ ఒక్కటే తప్పించుకుంది. 2002లో ఒక జీన్ ఉన్న బోల్‌గార్డ్‌కు అనుమతి వచ్చింది, అది క్రై1ఏసీ. 2006లో క్రై2ఏబీ కూడా చేర్చి బీజీ-2 తెచ్చారు. గుజరాత్‌లో అమ్రేలి, భావ్‌నగర్, జునాగఢ్, రాజ్‌కోట్ జిల్లాల పురుగు మొదటి దానికి నిరోధకత తెచ్చుకుందని 2010లో బయటపడింది. 2014-15 వచ్చేసరికి బీజీ-2 మీద కూడా గుజరాత్‌లో బతికేస్తోంది. తర్వాత మహారాష్ట్ర, మన రెండు రాష్ట్రాలు.

లోపల జరిగేది ఇది. క్రై1ఏసీ విషం పురుగు పేగులో కాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుని పని మొదలుపెడుతుంది. ఆ ప్రోటీన్ రూపం మారిపోయిన పురుగుకు అది అతకదు. క్రై2ఏబీ విషయంలో ఏబీసీఏ2 అనే రవాణా ప్రోటీన్ చెడిపోయిన పురుగులు బతుకుతున్నాయి. రెండు తాళాలూ మార్చేసిందన్నమాట.

ఇంకోటి హైబ్రిడ్ల గొడవ. మన దగ్గర వేసేది దాదాపు అంతా ఎఫ్1, అంటే మొదటి తరం హైబ్రిడ్. ఆ చెట్టులో ఆకు, కాండం అంతటా రెండు జీన్లూ ఉంటాయి. కాయలో గింజ మాత్రం తర్వాతి తరం. అక్కడ జీన్లు విడిపోతాయి. 16 గింజల్లో 9కి రెండూ, 3కి ఒకటి, ఇంకో 3కి ఇంకొకటి, ఒకదానికి ఏదీ ఉండదు. గులాబీ పురుగు తినేది ఆకు కాదు, గింజ. ఒక్క కాయలోనే విషం లేని గింజ, సగం విషం ఉన్న గింజ, పూర్తి విషం ఉన్న గింజ అన్నీ దొరుకుతాయి. నిరోధకత పెరగడానికి ఇంతకంటే మంచి బడి దానికి దొరకదు.

లాం_దారి
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు సర్. మరి చుట్టూ నాన్ బీటీ వెయ్యమనేది అందుకేనా?

గుంటూరు_కాటన్
అవును. నాన్ బీటీ మొక్కల మీద పెరిగిన పురుగుకు నిరోధకత ఉండదు. బీటీ మీద బతికిన ఒకటీ అరా వీటితో జతకడితే పిల్లలు బీటీకి చచ్చే రకమే అవుతాయి. అందుకని 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ ఇచ్చేవారు. చేను చుట్టూ అయిదు వరుసలు, లేదా 20 శాతం విస్తీర్ణం, ఏది ఎక్కువైతే అది. ఎంతమంది వేశారు? ఆ చిన్న సంచి గట్టు మీదే పారేశారు. కొన్నింట్లో మొలకే సరిగా వచ్చేది కాదు. ఇప్పుడు 475 గ్రాముల ప్యాకెట్‌లోనే కనీసం 5 శాతం నాన్ బీటీ గింజలు కలిపి ఇస్తున్నారు.

కర్నూలు_నల్లనేల
నాన్ బీటీ బదులు కంది వేస్తే చాలని కొన్నేళ్లు కంది గింజల సంచి కూడా ఇచ్చిరి. చుట్టూ కంది వేసేది తప్పా?

పురుగుశాస్త్రం_నోట్స్
కంది వెయ్యడం తప్పు కాదు, గులాబీ పురుగుకు ఉపయోగం లేదు, అంతే. శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాట అన్నీ తింటుంది కాబట్టి దానికి కంది ఆశ్రయం అవుతుంది. గులాబీ పురుగుకు పత్తే ప్రధానం. బెండ, తుత్తురుబెండ, మందార జాతి మొక్కల మీద కొద్దిగా బతుకుతుంది. కంది మీద ఒక్కటీ బతకదు.

లాం_దారి
పత్తి పక్కన వేసవి బెండ వేసేవాళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. అంటే దానికి వంతెన కడుతున్నట్టేనా?

పురుగుశాస్త్రం_నోట్స్
బెండ మీద ఎక్కువగా పెరగదు. కానీ ఏప్రిల్, మే నెలల్లో పత్తి లేని చోట అదొక్కటే దొరికితే కొన్ని బతుకుతాయి. ముదిరిన బెండకాయలు చెట్టు మీద వదలకుండా తెంపేస్తే చాలు.

టక్సన్_తెలుగు
అరిజోనాలో ఇదే పురుగును పూర్తిగా నిర్మూలించారు. అమెరికాలో మొదట 1917లో టెక్సాస్‌లో కనిపించింది, 2018 అక్టోబర్‌లో పత్తి పండించే ప్రాంతమంతటా ఇది లేదని అధికారికంగా ప్రకటించారు. నాలుగు పనులు ఒకేసారి చేశారు: బీటీ పత్తి, లింగాకర్షక పదార్థంతో జతకట్టకుండా చేయడం, పంట అయ్యాక కట్టె ముక్కలు చేసి దున్నేయడం, విమానాల్లోంచి వంధ్య పురుగులు వదలడం. వంధ్య పురుగులకు పెంచేటప్పుడే మేతలో ఎర్ర రంగు కలుపుతారు. బుట్టలో పడిన రెక్కల పురుగును నలిపి చూస్తే లోపల ఎర్రగా ఉంటే వదిలింది, లేకపోతే చేలో పుట్టింది. అక్కడ విత్తనం హైబ్రిడ్ కాదు, సూటిరకం. కాయలోని ప్రతి గింజలోనూ విషం ఉంటుంది. పైన చెప్పిన 16లో ఒకటి సమస్య అక్కడ రాలేదు. నాన్ బీటీ కూడా అప్పట్లో నిజంగానే వేశారు.

స్ప్రే_గురు
వాళ్లకు వందల ఎకరాల చేన్లు. మన దగ్గర రెండెకరాల రైతు, పక్కోడు ఏం చేస్తడో తెలియదు. ఆ పద్ధతి ఇక్కడ నడవదు.

టక్సన్_తెలుగు
చైనా యాంగ్జీ లోయలో కమతాలు మనంత చిన్నవే. అక్కడ రైతులు బీటీ, నాన్ బీటీ కలిపి చేసిన హైబ్రిడ్ రెండో తరం విత్తనం వాడటం వల్ల చేలో నాలుగో వంతు మొక్కలు నాన్ బీటీ అయ్యాయి. నిరోధకత వెనక్కి తగ్గింది. చిన్న కమతంలో నడవదని ముందే తేల్చలేం.

విస్తరణ_వరంగల్
అసలు ప్రశ్నకు వద్దాం. @ఆసిఫాబాద్_పత్తి మీ కాయల లెక్క 9, బుట్ట దాటింది. కొట్టండి, కానీ ఒక్క మందే.

70 రోజుల పంటకు: ప్రొఫెనోఫాస్ 50 ఈసీ లీటరుకు 2 మి.లీ., లేదా థయోడికార్బ్ 75 శాతం పొడి 1.5 గ్రా., లేదా ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జీ 0.5 గ్రా. ఎకరానికి 200 లీటర్ల నీళ్లు. 16 లీటర్ల ట్యాంకు లెక్కన ప్రొఫెనోఫాస్ 32 మి.లీ., థయోడికార్బ్ 24 గ్రా., ఇమామెక్టిన్ 8 గ్రా. ఎకరానికి పన్నెండున్నర ట్యాంకులు పడాలి. అయిదారు ట్యాంకులతో ఎకరం ముగించి మందు పనిచేయలేదంటే అది మందు తప్పు కాదు. కింది కొమ్మల కాయల మీద, కాయ తొడిమె దగ్గరి ఆకుల సందులో తడవాలి. గుడ్లు పెట్టేది ఆ తొడుగు కిందే.

సాయంత్రం నాలుగు తర్వాత కొట్టండి. ఉదయం పూల మీద తేనెటీగలు తిరుగుతుంటాయి, పురుగు కదిలేదీ రాత్రే.

పది రోజుల తర్వాత మళ్లీ కాయలు కోసి చూసి, అవసరమైతేనే రెండోది. రెండోసారి వేరే గుంపు మందు.

స్ప్రే_గురు
పైరిత్రాయిడ్ ఎందుకు వద్దు? తక్షణం పడేస్తది కదా.

విస్తరణ_వరంగల్
పడేస్తుంది, పురుగునూ పడేస్తుంది, మిత్ర పురుగులనూ పడేస్తుంది. 70 రోజులకు లాంబ్డా సైహలోత్రిన్ లాంటిది కొడితే పదిహేను రోజుల్లో తెల్లదోమ, పేనుబంక ఎగబడతాయి. వాటికోసం ఇంకో రెండు పిచికారీలు. 120 రోజులు దాటాక, కాయ గట్టిపడ్డాక, తప్పదనుకుంటే లాంబ్డా సైహలోత్రిన్ 5 ఈసీ లీటరుకు 1 మి.లీ. ఒకసారి. అప్పుడు తెల్లదోమ పెరిగినా పంట చేతికి వచ్చే దశ కాబట్టి నష్టం తక్కువ.

వేప_పక్షం
45 రోజులప్పుడే వేప కొట్టి ఉంటే ఇక్కడిదాకా వచ్చేది కాదు. వేప పురుగును చంపడం తక్కువ, గుడ్డు పెట్టనివ్వకపోవడం ఎక్కువ. 1500 పీపీఎం వేపనూనె మందు లీటరుకు 5 మి.లీ. లేదా ఇంట్లోనే 5 శాతం వేపగింజల కషాయం: ఎకరానికి 10 కిలోల గింజల పొడి పలచటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పొద్దున నీళ్లు తెల్లబడేదాకా పిండి, వడకట్టి, 200 గ్రా. సబ్బుపొడి కలిపి 200 లీటర్లు చెయ్యాలి. అదే రోజు సాయంత్రం కొట్టాలి, నిల్వ ఉంచితే పనిచేయదు. గింజ ఏడాదికి పైబడిందైతే, బూజు పట్టిందైతే వాడొద్దు.

ఆసిఫాబాద్_పత్తి
దుకాణపాయన ఇచ్చిన మూడు మందుల సంగతి? కలిపి కొడితే కూలి ఒక్కసారే అయితదని అందరు అదే చేస్తున్నరు.

పురుగుశాస్త్రం_నోట్స్
కూలి మిగులుతుంది, నిజమే. దానికి చెల్లించేది రెండు చోట్ల. ఒకటి, మూడు మందులకూ పురుగును ఒకేసారి అలవాటు చేస్తారు, తర్వాత మార్చడానికి ఏమీ మిగలదు. రెండోది మనిషి. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తి చేలల్లో మందు కొడుతూ 20 మంది దాకా చనిపోయారు. పురుగు మందుల మిశ్రమాలు, మనిషి ఎత్తు పెరిగిన పత్తి, ఎదురుగాలి, ఉక్కపోత, ఒంటి మీద పల్చటి చొక్కా, పవర్ స్ప్రేయర్ సన్నటి తుంపర. మీ ఆసిఫాబాద్‌కు పక్క జిల్లాలు దాటితే అదే.

చేతులకు రబ్బరు తొడుగులు, ముఖానికి మాస్క్, గాలి వెనక నుంచి వచ్చేటట్టు నడక. పత్తి నడుం దాటి పెరిగితే వరుసలోకి వెనక్కి నడుస్తూ కొట్టాలి, కొట్టిన మొక్కలను ఒంటితో రాసుకుంటూ ముందుకు పోకూడదు. కళ్లు మసకబారినా, నోట్లో నీళ్లూరినా, చెమట ధారగా పోసినా పని ఆపి బట్టలు మార్చి ఒళ్లు సబ్బుతో కడుక్కుని, మందు డబ్బా చేతిలో పట్టుకుని ఆసుపత్రికి పోవాలి. డబ్బా లేబుల్ చూస్తేనే డాక్టరుకు ఏ విరుగుడు ఇవ్వాలో తెలుస్తుంది.

గుంటూరు_కాటన్
ఇది పైకి పిన్ చెయ్యండి ఎవరైనా.

బదనిక_కార్డు
మందు కొట్టేదుంటే ట్రైకో కార్డులు (పురుగు గుడ్లను చంపే పరాన్నజీవి ఉన్న అట్టలు) ఇప్పుడు కట్టకండి, డబ్బు వృథా. మందుకు ముందు వారం, తర్వాత వారం కార్డు పనిచేయదు. ఇంకా పరిమితి దాటని చేలున్నవాళ్లకు: ఎకరానికి 60,000 గుడ్లు, అంటే 20,000 చొప్పున మూడు కార్డులు, వారానికోసారి మూడు నాలుగు వారాలు, పూత మొదలవగానే. గులాబీ పురుగుకు బాక్ట్రే రకం అడగండి. మామూలు చెరకు పురుగు కార్డు ఇచ్చేస్తారు. కార్డును ముక్కలు చేసి సాయంత్రం ఆకు అడుగున స్టేపుల్ కొట్టాలి. గుడ్లు నల్లబడి ఉంటేనే లోపల పరాన్నజీవి ఉన్నట్టు. కార్డు గుడ్లకు సన్న రంధ్రాలు పడి ఉంటే అవి మీ దగ్గరకు వచ్చేలోపే ఎగిరిపోయాయి, అది తీసుకోవద్దు.

లాం_దారి
బుట్టలు ఎకరానికి పది కడితే మగపురుగులన్నీ పడిపోయి గుడ్లే పెట్టవంటున్నారు. నిజమేనా?

పురుగుశాస్త్రం_నోట్స్
ఎకరానికి రెండు నిఘాకు, 8-10 సామూహికంగా పట్టడానికి అని సిఫారసు ఉంది. నా అభిప్రాయం: ఒక్క చేలో పది కట్టి పక్క చేలన్నీ వదిలేస్తే ఫలితం కొద్దిగానే. ఒక మగపురుగు చాలా ఆడవాటితో జతకడుతుంది, తప్పించుకున్న కొన్ని చాలు. పైగా పక్క చేలో జతకట్టి వచ్చిన ఆడపురుగు మీ చేలో గుడ్లు పెడుతుంది, దాన్ని బుట్ట పట్టదు. ఊరంతా కడితే వేరు.

బదనిక_కార్డు
@పురుగుశాస్త్రం_నోట్స్ దీంతో పూర్తిగా ఏకీభవించను. పంట తొలి దశలో, పురుగు తక్కువున్నప్పుడు, పది బుట్టలతో తేడా వస్తుంది. ఉధృతి పెరిగాక రాదు. 45 రోజులకు కట్టేవాళ్లనూ 90 రోజులకు కట్టేవాళ్లనూ ఒకే గాట కట్టకండి.

పురుగుశాస్త్రం_నోట్స్
తొలి దశ విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను.

కర్నూలు_నల్లనేల
తాళ్ల సంగతి చెప్పేవాళ్లున్నారా? లింగాకర్షక మందు నింపిన సన్న తాళ్లు మొక్కలకు ముడేసేది.

బదనిక_కార్డు
ఎకరానికి 160 తాళ్లు, 45-50 రోజులప్పుడు, మొక్క పైభాగంలో గట్టి కొమ్మకు ముడి వెయ్యాలి. చేనంతా ఆడపురుగు వాసన నిండిపోయి మగపురుగుకు ఏ వైపు పోవాలో తెలియదు. జత కుదరదు. కానీ కలిసి ఉన్న పాతిక ముప్పై ఎకరాల రైతులు ఒకేసారి కట్టాలి. ఒక్క రెండెకరాల్లో కడితే అంచుల నుంచి జతకట్టిన ఆడవి వస్తూనే ఉంటాయి. ఒక జాగ్రత్త: తాళ్లు కట్టిన చేలో బుట్టలు ఖాళీగా ఉంటాయి. అది తాళ్లు పనిచేస్తున్న గుర్తు. పురుగు లేదనుకుని కాయలు కొయ్యడం మానొద్దు. అక్కడ కాయే సాక్ష్యం.

గుంటూరు_కాటన్
ఇవన్నీ ఒక ఎత్తు, డిసెంబర్‌లో పంట ఆపేయడం ఒక ఎత్తు. మూడో తీత, నాలుగో తీత కోసం మార్చి దాకా నీళ్లు పెట్టి ఉంచితే జనవరి తర్వాత కాయల్లో సగానికి పైగా గుడ్డి పత్తే. దూది మరక పడుతుంది, విచ్చుకోని తొనలు తియ్యడానికి కూలి రెట్టింపు. పైగా వచ్చే ఏటి పురుగు మొత్తం ఆ మూడు నెలల్లోనే నిద్రకు చేరుతుంది.

కర్నూలు_నల్లనేల
చెప్పడం తేలికే. ధర జనవరి తర్వాతే పెరుగుతాదని ఆశ. డిసెంబర్‌లో తీసేస్తే ఆ చేలో ఏం వేసేది? నీళ్లున్నోడు మొక్కజొన్నో శనగో వేస్తాడు, లేనోడు ఖాళీగా పెట్టుకోవాల. నాలుగో తీతలో రెండు క్వింటాళ్లు వచ్చినా వాడికి అది డబ్బే.

గుంటూరు_కాటన్
ధర కోసం ఆగేది ఇంట్లో పత్తి పెట్టుకుని ఆగండి, చేలో చెట్టు ఉంచి కాదు. తేమ 8 నుంచి 12 శాతం లోపల ఉంటే భారత పత్తి సంస్థ సీసీఐ కొంటుంది, ఎండబెట్టి నిల్వ చేసుకోవచ్చు.

కర్నూలు_నల్లనేల
నిల్వకు ఇల్లు ఉన్నోడికి సరే. నేను ఒప్పుకోలేను, కానీ పురుగు సంగతి మీరు చెప్పింది నిజమే.

విస్తరణ_వరంగల్
నీళ్లు లేని వాళ్లకు ఇంకో దారి: సాంద్ర పద్ధతి. 90 × 15 సెం.మీ. దూరంలో ఎకరానికి 30,000 దగ్గర మొక్కలు, తక్కువ కాలపు, పొట్టి, గుబురుగా పెరగని రకం. మొక్కకు కాయలు తక్కువే, కానీ అన్నీ ఇంచుమించు ఒకేసారి విచ్చుకుని 150 రోజుల్లో అయిపోతుంది. పురుగు మూడో తరం, నాలుగో తరం వచ్చేలోపే పంట ఇంట్లో ఉంటుంది. ఎగబాకకుండా 45-50 రోజులప్పుడోసారి, మళ్లీ 65-70కి మెపిక్వాట్ క్లోరైడ్ లీటరుకు 1 మి.లీ. ఇది మరిచిపోతే చేను అడివైపోయి గాలి ఆడక కింది కాయలు కుళ్లుతాయి. మామూలు పెద్ద చెట్టు హైబ్రిడ్‌ను ఈ దూరంలో పెడితే నష్టమే. బరువు నేలలో బాగా పెరిగే రకమైతే అసలు వద్దు.

లాం_దారి
కట్టె ఏం చెయ్యాలి? కాలిస్తే తప్పంటున్నారు, కుప్ప పెడితే పురుగంటున్నారు.

విస్తరణ_వరంగల్
ట్రాక్టర్ ష్రెడ్డర్‌తో ముక్కలు చేసి నేలలో కలిపి దున్నడం మేలు. దానికి ముందు గొర్రెలు, మేకలు తోలితే మిగిలిన పచ్చికాయలు, పిందెలు తినేస్తాయి. చివరి మందు కొట్టాక కనీసం మూడు వారాలు ఆగి తోలండి. వంటచెరకుకు కావాలంటే కాయలు రాల్చి, ఆ కాయలు మాత్రం కాల్చి, కట్టె మే లోపు వాడేయండి.

ఆసిఫాబాద్_పత్తి
ఇమామెక్టిన్ ఒక్కటే తెచ్చిన, రేపు సాయంత్రం కొడ్త. గుడ్డి పూలు ఏరుడు ఇయ్యాల్నే మొదలైంది. పక్కాయనతోని కట్టెకుప్ప మాట్లాడిన, కాయలు దులుపుతనన్నడు. ఒక్కటే అనుమానం: బుట్టల ఎర మార్చుడు ఎప్పుడు? శనగపచ్చ పురుగు ఎర కూడా అదే బుట్టల పెట్టిన్రు కంపెనీ పిల్లలు.

బదనిక_కార్డు
రెండు ఎరలు ఒకే బుట్టలో పెట్టొద్దు. ఒకదాని వాసన ఇంకోదాన్ని చెడగొట్టి లెక్క తప్పుతుంది. శనగపచ్చ పురుగు ఎర తీసి వేరే బుట్టకు మార్చండి, కనీసం 30 మీటర్ల దూరంలో. గులాబీ ఎర 21 నుంచి 30 రోజులకు మార్చాలి. ఎండలు ముదిరితే 21కే. కొత్తది పెట్టాక పాతది చేలో పారేయకండి, అది కూడా వాసన ఇస్తూనే ఉంటుంది, చేను బయట పూడ్చండి. పొగాకు, మందు అంటిన చేత్తో ముట్టకుండా కవర్ తొడుక్కుని పెట్టండి. మిగిలిన ప్యాకెట్లు విప్పకుండా ఫ్రిజ్ డీప్ ఫ్రీజర్‌లో. బుట్ట మూతి పంట కొసకు ఒక అడుగు పైన ఉండాలి, మొక్క పెరిగే కొద్దీ కర్రపైకి జరపాలి. పంట బుట్టను దాటి పెరిగితే వాసన ఆకుల్లోనే చిక్కుకుని రాత్రికి రెండు మూడే పడతాయి, పురుగు తగ్గిందని మోసపోతారు.

ఆసిఫాబాద్_పత్తి
రోడ్డు మూల బుట్ట తప్ప మిగతా మూడెకరాలల్ల బుట్టలు మొక్కల నడుమనే మునిగి ఉన్నయ్. ఇప్పుడే లేపుతున్న.

విస్తరణ_వరంగల్
అయితే ఆ బుట్టల అసలు లెక్క 8 కంటే ఎక్కువే ఉంటుంది. రేపు మందు ఆపకండి. లేపిన తర్వాత మూడు రాత్రుల లెక్క, పదో రోజు కాయల లెక్క ఇక్కడ పెట్టండి, రెండోది కావాలో వద్దో అప్పుడు చూద్దాం.